పాత రీఫ్ ట్యాంకు కొంటే ఇంటికి ఏమేం వస్తాయి?

తిరుపతిలో రీఫ్ ట్యాంకు, అంటే పగడాలూ చేపలూ పెంచే ఉప్పునీటి తొట్టి, అమ్మకానికి వచ్చిందంటే కారణం సాధారణంగా మూడింట్లో ఒకటి. ఉద్యోగం బదిలీ అయ్యుంటుంది, మే నెలలో చేపలు తేలిపోయుంటాయి, లేదా కరెంటు బిల్లు చూసి ఇంట్లోవాళ్లు ఇక చాలన్నారు. అమ్మేవాళ్లు మాత్రం మొదటి కారణమే చెబుతారు. నాలుగడుగుల తొట్టి, ఇనుప స్టాండు, కింద సంపు (నీళ్లను వడగట్టే రెండో తొట్టి), నురగతో మురికి తీసే స్కిమ్మరు, లైట్లు, నీళ్లను కదిలించే వేవ్‌మేకర్లు అన్నీ కలిపి కొత్తదాని ధరలో సగం కూడా ఉండదు. “రాళ్లతో సహా ఎత్తుకోపోన్నా, కడిగి నీళ్లు పోస్తే మళ్లీ కొత్తదే” అని భరోసా కూడా ఇస్తారు.

కడిగితే పోయేది అద్దానికి పట్టిన పాచి మాత్రమే. ఇన్నేళ్లుగా ఆ తొట్టిలో వేసిన మేత, పోసిన మందులు, నింపిన నీళ్లు రాళ్లలోకీ ఇసుకలోకీ ఇంకి ఉంటాయి. ఉప్పు పట్టిన గోడకు ఎన్నిసార్లు సున్నం కొట్టినా మళ్లీ పెచ్చులు లేచినట్టే, కొత్త నీళ్లు పోశాక ఇవీ మెల్లమెల్లగా బయటికొస్తాయి. కాబట్టి పాత ట్యాంకును బాగుచేయడంలో అసలు పని దేన్ని నమ్మి ఉంచుకోవాలో, దేన్ని మొహమాటం లేకుండా పారేయాలో తేల్చుకోవడం. అది సరిగ్గా జరిగితే పగడాలను ముక్కలు చేసి పెంచడం తేలికైన పని. జరగకపోతే ఎంత ఖరీదైన లైటు పెట్టినా ముక్క బతకదు.

డబ్బులిచ్చే ముందు చట్టం

మన దేశంలో రాతి పగడాలన్నీ, అంటే గట్టి సున్నపు అస్థిపంజరం కట్టుకునే స్క్లెరాక్టీనియా వర్గం మొత్తం, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. 2001లో వీటిని చేర్చారు. నల్ల పగడాలు, ఆర్గాన్ పైప్ పగడం, ఫైర్ కోరల్, సీ ఫ్యాన్లు, సముద్ర గుర్రాలు, సముద్ర దోసకాయలు కూడా అదే షెడ్యూలులో ఉన్నాయి. పెద్దపులి ఉన్నదీ అందులోనే. 2022 సవరణ తర్వాత మొదటి షెడ్యూలు జీవుల విషయంలో నేరం రుజువైతే మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల వరకు జైలు, 25 వేల రూపాయలకు తగ్గకుండా జరిమానా.

బతికున్న పగడాల గురించి చాలామందికి తెలుసు. చచ్చినవాటి సంగతే పట్టించుకోరు. పాత ట్యాంకుల్లో అలంకారానికి పెట్టిన తెల్లటి కొమ్మల గుత్తులు, మెదడు ఆకారపు గుండ్రాళ్లు చాలావరకు పగడపు అస్థిపంజరాలే. వాటిని తీసుకున్నా చట్టం ముందు తప్పే. పోల్చుకోవడం కష్టం కాదు. రాయిని ఎండలో పెట్టి దగ్గరగా చూడండి. పైనంతా ఒకే కొలతలో చిన్న గుంటలు, ప్రతి గుంటలోనూ అంచు నుంచి మధ్యకు పోయే సన్నటి గీతలు కనిపిస్తే అది ఒకప్పటి పగడం. ఒక్కో గుంటలో ఒక్కో పాలిప్, అంటే ఒక్కో చిన్న పగడపు జీవి, బతికింది. మామూలు సున్నపురాయికో, సిమెంటుతో పోసిన కృత్రిమ రాయికో ఇలాంటి వరుస ఉండదు.

విదేశాల నుంచి వచ్చిన రాతి పగడాలకైతే ఇంకో చిక్కు. ఇవి అరుదైన జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉన్నాయి. దిగుమతికి అనుమతి పత్రాలుండాలి. సైటిస్ జాబితాల్లోని జీవులను సజీవంగా ఉంచుకునేవాళ్లు కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలని 2024లో నియమాలు వచ్చాయి. నా సలహా ఒకటే. కాగితం లేని రాతి పగడాన్ని ఉచితంగా ఇచ్చినా వద్దనండి. రాతి అస్థిపంజరం కట్టుకోని మెత్తటి పగడాల్లో మష్రూమ్ కోరల్స్, జోయాంథిడ్లు, సార్కోఫైటాన్ లాంటి లెదర్ కోరల్స్ మొదటి షెడ్యూలులోనూ లేవు, సైటిస్‌లోనూ లేవు. మెత్తటి పగడాలంటే అవేవో నాసిరకం అన్నట్టు కొందరు మాట్లాడతారు గానీ మంచి నీలి వెలుతురులో ఆకుపచ్చ మష్రూమ్ కాలనీని చూసినవాళ్లు ఆ మాట అనరు. పైగా మన ఎండలను, మన కరెంటు కోతలను తట్టుకునేవీ ఇవే. ఇక్కణ్నుంచి నేను చెప్పేదంతా వీటి గురించే.

అద్దం, ఇసుక, రాయి

నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు తొట్టిలో నిండా పోస్తే 255 లీటర్లు పడతాయి. 10 మిల్లీమీటర్ల అద్దమైతే ఖాళీ తొట్టే 50 కిలోల పైన ఉంటుంది. నీళ్లు, రాళ్లు, స్టాండు కలుపుకుంటే 350 కిలోలు దాటుతుంది. మేడ మీద గదిలో పెట్టేటట్టయితే గోడ వారగా, దూలం మీదకు బరువు పోయేలా పెట్టుకోవాలి. కింద థర్మోకోల్ షీటు తప్పనిసరి.

అతుకులను వేలిగోరుతో నొక్కి చూడండి. సిలికాన్ రబ్బరులా సాగితే ఫరవాలేదు. గోరు దిగి పొడిపొడిగా రాలినా, అద్దానికీ సిలికాన్‌కీ మధ్య గాలి బుడగలు కనిపించినా మళ్లీ అతికించుకోవాల్సిందే. పాతదాన్ని బ్లేడుతో పూర్తిగా గీకాకే కొత్తది వేయాలి, ఎందుకంటే సిలికాన్ పాత సిలికాన్‌ను పట్టుకోదు. బూజు పట్టని రకం అని డబ్బా మీద రాసి ఉంటే దాన్ని ముట్టుకోకండి, అందులోని మందు నీటి జీవులకు విషం. తర్వాత చదునైన చోట నీళ్లు నింపి రెండు రోజులు వదిలేయండి. ఈ పరీక్ష వరండాలో చేయండి, హాల్లో కాదు.

ఇసుక విషయంలో నాకు రెండో ఆలోచన లేదు, పారేయడమే. ఎందుకో అద్దం పక్కనుంచి చూస్తేనే తెలుస్తుంది. పైన గోధుమ రంగు పొర, దాని కింద బూడిద రంగు, అడుగున అక్కడక్కడా నల్లటి మచ్చలు. ఆ మచ్చ దగ్గర గరిటెతో కదిపితే ఒక బుడగ లేచి కుళ్లిన గుడ్ల వాసన గుప్పుమంటుంది. సముద్రపు నీటిలో సల్ఫేట్ పుష్కలంగా ఉంటుంది. గాలి అందని అడుగు పొరల్లో బ్యాక్టీరియా దాన్ని వాడుకుని హైడ్రోజన్ సల్ఫైడ్ వదులుతుంది. చేపలు లోపల ఉండగా ఆ పొరను కదిపితే సాయంత్రానికి అవి ఉండవు. అందుకే ఖాళీ చేసే వరస ముఖ్యం. ముందు చేపలు, తర్వాత రాళ్లు, తేట నీళ్లు, అన్నిటికంటే చివర ఇసుక. ఆ ఇసుకను కడిగి వాడుకుందామనే పొదుపు వద్దు. కొత్త అరగోనైట్ (సున్నపు) ఇసుకకయ్యే ఖర్చు, చచ్చిపోయే చేపల ధరకంటే ఎక్కువేం కాదు.

రాయి అలా కాదు. దాంట్లో ఆస్తీ ఉంది, అప్పూ ఉంది. చేపల విసర్జనతో పుట్టే అమ్మోనియాను నైట్రైట్‌గా, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా రాయి రంధ్రాల్లో కాపురముంటుంది. ఆ కాపురం కొత్త రాయి మీద కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. రాళ్లు తడిగా, వాటి పాత నీళ్లలోనే మూతబెట్టిన బకెట్లలో కొన్ని గంటల్లో మీ ఇంటికి చేరితే ఆ బ్యాక్టీరియాలో చాలా భాగం బతికే వస్తుంది. వేసవిలో ఈ పని తెల్లారకముందే చేసుకోవాలి. రాళ్లు ఆరు నెలలుగా డాబా మీద ఎండుతున్నాయంటే మాత్రం లోపలున్న పురుగూ పుట్రా అంతా చచ్చి ఉంటుంది. నీళ్లు తగలగానే అదంతా కుళ్లి అమ్మోనియా అవుతుంది.

ఇక అప్పు సంగతి. చేపల మేతలో ఫాస్ఫేట్ ఉంటుంది. సున్నపురాయి ఉపరితలం దాన్ని పట్టుకుంటుంది. నీళ్లలో ఫాస్ఫేట్ ఎక్కువున్నప్పుడు రాయి తీసుకుంటుంది, తగ్గినప్పుడు వదులుతుంది. అందుకే నీళ్లన్నీ మార్చినా వారం తిరక్కుండానే రాయి నిండా పచ్చటి పాచి లేస్తుంది. టెస్ట్ కిట్ పెడితే సున్నా చూపిస్తుంది. రాయి వదిలినదాన్ని వదిలినట్టే పాచి తినేస్తోంది కాబట్టి కిట్‌కు దొరికేదేం ఉండదు. ఇక్కడే చాలామంది కిట్‌ను తిట్టుకుంటారు, లేదా లైటును అనుమానిస్తారు.

దీనికి విరుగుడు చీకటి. ప్లాస్టిక్ డ్రమ్ములో కొత్త ఉప్పునీళ్లు పోసి, రాళ్లు వేసి, లోపల ఒక చిన్న పంపు తిప్పి, మూత పెట్టేయండి. వెలుతురు లేక పాచి చస్తుంది, బ్యాక్టీరియా మాత్రం దెబ్బతినదు. రెండు వారాల తర్వాత ఫాస్ఫేట్ చూడండి. ఇప్పుడు తినేవాళ్లెవరూ లేరు కాబట్టి కిట్ నిజం చెబుతుంది. 0.1 పీపీఎం (లీటరుకు 0.1 మిల్లీగ్రాము) దాటితే నీళ్లు మార్చి మళ్లీ మూత పెట్టండి. ఇనుము ఆధారిత ఫాస్ఫేట్ రిమూవర్ వాడితే పని తొందరగా అవుతుంది గానీ, నెలా రెండు నెలలు పట్టినా నష్టం లేదు. ఈలోగా అద్దం, పంపులు, వైరింగ్ చూసుకోవచ్చు.

పూర్తిగా చచ్చిన రాళ్లకైతే ముందు బ్లీచింగ్ ద్రావణం, బాగా కడిగి ఆరబెట్టాక ఒకటికి పదింతలు నీళ్లు కలిపిన మురియాటిక్ యాసిడ్ వాడతారు. యాసిడ్ పై పొరను కరిగిస్తుంది, దాంతోపాటు ఆ పొర పట్టుకున్న ఫాస్ఫేట్ పోతుంది. నీళ్లలో యాసిడ్ పోయాలి, యాసిడ్‌లో నీళ్లు పోయకూడదు. బ్లీచింగ్, యాసిడ్ ఒకే బకెట్లో కలిస్తే వచ్చేది క్లోరిన్ వాయువు. ఇంకోటి, జీవమున్న రాతిని ఎట్టి పరిస్థితుల్లోనూ వేడినీళ్లలో మరిగించకండి. కారణం జోయాంథిడ్ల దగ్గర చెబుతాను.

అమ్మేవాళ్లను తప్పక అడగాల్సిన ప్రశ్న మరొకటుంది. చేపలకు తెల్లమచ్చల జబ్బు వస్తే ఏ మందు పోశారు? రాగి మందు, అంటే కాపర్ పోసుంటే అది రాళ్లలోకి ఇంకి ఉంటుంది. చేపలు తట్టుకునే మోతాదు రాగి నత్తలను, రొయ్యలను, పగడాలను చంపేస్తుంది. చేపలు మాత్రమే పెంచిన ట్యాంకులో నీలం రంగు మందు సీసాలు కనిపిస్తే కాపర్ కిట్‌తో నీళ్లు చూడండి. రాగి కనిపిస్తే ఆ రాళ్లు పగడాలకు పనికిరావు. తొట్టిని కడిగి వాడుకోవచ్చు.

పరికరాల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. పంపులు, స్కిమ్మరు విప్పి నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లలో ఒక రాత్రి నానబెడితే పేరుకున్న సున్నం ఊడిపోతుంది. పంపు లోపలి అయస్కాంతం ఉబ్బి తుప్పు కారుతుంటే ఆ పంపు ఇనుప సామాన్లకే. హీటరు ఇక్కడ ఎందుకని పారేయొద్దు, జనవరి రాత్రుళ్లకు పనికొస్తుంది. ప్లగ్గులు నీటి మట్టం కంటే పైన ఉండాలి, వైరు కిందికి వంగి పైకి వెళ్లాలి, లైనుకు ఆర్‌సీసీబీ, అంటే లీకేజీ ఉంటే కరెంటు ఆపేసే స్విచ్చు, ఉండాలి. ఉప్పునీళ్లు, కరెంటు కలిసే చోట పొదుపు చూసుకోకూడదు.

బోరు నీళ్లు, మే నెల

2022లో తిరుపతి జిల్లా ఏర్పడ్డాక సముద్రతీరం కూడా మన జిల్లాలోకి వచ్చింది. దాంతో తూపిలిపాలెం నుంచి క్యాన్లలో నీళ్లు తెచ్చుకుంటే సరిపోతుంది కదా అనే ఆలోచన కొందరికి వస్తుంది. పులికాట్ నీళ్లు అసలు లెక్కలోకే రావు. అది సరస్సు, ఉప్పదనం కాలాన్నిబట్టి మారిపోతుంది. ఒడ్డున దొరికే సముద్రపు నీళ్లలోనూ ఈశాన్య రుతుపవనాల వాన, ఏటి నీళ్లు, మట్టి కలుస్తాయి. రవాణా ఖర్చు చూసుకున్నా బకెట్లలో అమ్మే సముద్రపు ఉప్పు మిశ్రమమే నయం. లీటరుకు 35 గ్రాముల లవణాలు లక్ష్యం. మిశ్రమంలో తేమ ఉంటుంది కాబట్టి 38 గ్రాముల దాకా వేయాల్సి వస్తుంది. 200 లీటర్లకు ఏడున్నర కిలోలు. ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటరును వట్టి నీళ్లతో సున్నాకు సరిచూసుకుంటే చాలదు, 35 పీపీటీ (వెయ్యికి 35 వంతుల ఉప్పదనం) ద్రావణంతోనూ చూడాలి.

ఉప్పు కలపడానికి ఏ నీళ్లు? ఇక్కడో బలమైన నమ్మకం ఉంది. మన బోరు నీళ్లలో కాల్షియం దండిగా ఉంటుంది, పగడాలకు కాల్షియం కావాలి, కాబట్టి బోరు నీళ్లు మంచివే కదా అని. వినడానికి సబబుగానే ఉంది. లెక్క వేస్తే తేలిపోతుంది. తొట్టిలోంచి ఆవిరయ్యేది నీరు మాత్రమే, ఉప్పు కాదు. వేసవిలో రోజుకు ఐదు లీటర్లు ఆవిరైందనుకుందాం. ఆ ఐదు లీటర్లూ 500 టీడీఎస్ బోరు నీళ్లతో నింపితే రోజుకు రెండున్నర గ్రాముల ఖనిజాలు లోపలికి పోతాయి, నెలకు 75 గ్రాములు. అందులో కాల్షియం ఒక్కటే ఉండదు. సిలికా ఉంటుంది, దాంతో గోధుమరంగు డయాటమ్ పాచి వస్తుంది. నైట్రేట్ ఉండొచ్చు. బైకార్బనేట్ పేరుకుని ఆల్కలినిటీ పైకి పోతూ ఉంటుంది. ఇవేవీ ఆవిరైపోవు. ఇంట్లో తాగే ఆర్‌ఓ నీళ్లు కొంత నయమే గానీ, రుచి కోసం ఖనిజాలు కలిపే ఏర్పాటు లేకుండా చూసుకోవాలి. చివర మిగిలిన లవణాలను పట్టేసే డీఐ రెసిన్ గొట్టం ఒకటి తగిలిస్తే టీడీఎస్ సున్నాకు వస్తుంది.

ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ పగలు 40 డిగ్రీలు దాటడం మామూలే. ఏసీ లేని గదిలో తొట్టి నీళ్లు 32, 33కు చేరతాయి. పగడానికి కావాల్సింది 25 నుంచి 27. పగడపు కణాల్లో జూజాంథెల్లే అనే సూక్ష్మ శైవలాలుంటాయి. వెలుతురుతో అవి తయారుచేసే ఆహారమే పగడానికి ప్రధాన ఆధారం. వేడి పెరిగితే వాటి కిరణజన్య సంయోగక్రియ గాడి తప్పి, పగడాన్నే దెబ్బతీసే చురుకైన ఆక్సిజన్ రూపాలు పుడతాయి. అప్పుడు పగడం వాటిని బయటికి వదిలేస్తుంది, రంగు కోల్పోతుంది, పస్తులతో చిక్కిపోతుంది. సముద్రంలోనైతే మామూలు వేసవి గరిష్ఠం కంటే ఒక్క డిగ్రీ ఎక్కువ వేడి కొన్ని వారాలున్నా చాలు. ప్రపంచవ్యాప్తంగా నాలుగోసారి పగడాలు పాలిపోతున్నాయని అమెరికా సంస్థ ఎన్‌ఓఏఏ 2024 ఏప్రిల్‌లో ప్రకటించింది. ఆ ఏడాది మన లక్షద్వీప్‌లోనూ అదే జరిగింది.

నీళ్లను చల్లబరిచే చిల్లరు కొనగలిగితే మంచిదే, కానీ అది తొట్టిలోని వేడిని గదిలోకి తోస్తుంది. తలుపులేసిన చిన్న గదిలో పెడితే తన వేడితో తానే పోట్లాడుతుంది. మన దగ్గర పొడి ఎండల్లో బాగా పనిచేసేది చవకైన చిన్న ఫ్యాను, నీటి పైభాగం మీద గాలి తగిలేలా. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి దాదాపు 2,400 కిలోజౌళ్ల వేడి కావాలి. 200 లీటర్ల ఉప్పునీటిని ఒక డిగ్రీ తగ్గించడానికి 800 కిలోజౌళ్లు తీస్తే చాలు. గదిలోంచి వేడి ఎప్పటికప్పుడు వచ్చి చేరుతుంటుంది కాబట్టి లెక్క ప్రకారం మూడు డిగ్రీలూ దక్కవు గానీ, లీటర్ల కొద్దీ ఆవిరయ్యే రోజుల్లో తేడా స్పష్టంగా తెలుస్తుంది. దానికి మూల్యం ఉప్పదనం. 200 లీటర్లలో ఐదు లీటర్లు పోతే 35 కాస్తా 35.9 అవుతుంది, మూడు రోజులు పట్టించుకోకపోతే 38 దగ్గరకు పోతుంది. ఫ్యాను పెట్టినవాళ్లు ఆవిరైన నీటిని దానంతటదే నింపే ఆటో టాప్ ఆఫ్ పెట్టుకోక తప్పదు.

కరెంటు పోయినప్పుడు ముందు చంపేది వేడి కాదు, ఊపిరాడకపోవడం. 25 డిగ్రీల దగ్గర మంచినీళ్లు లీటరుకు 8 మిల్లీగ్రాముల పైన ఆక్సిజన్ పట్టుకుంటే సముద్రపు నీళ్లు 7 కూడా పట్టుకోలేవు. వేడెక్కేకొద్దీ ఇంకా తగ్గుతుంది. లైట్లు, స్కిమ్మరు ఆగినా ఫరవాలేదు. ఒక వేవ్‌మేకరు, లేదా బ్యాటరీ ఎయిర్ పంపు మాత్రం ఇన్వర్టరు మీద ఉండాలి.

ఆల్కలినిటీ చిక్కుముడి

రీఫ్ ట్యాంకు మొదలుపెట్టినవాళ్లు తికమకపడేది పీహెచ్, ఆల్కలినిటీ, కాల్షియం అనే మూడింటి దగ్గర. మూడూ వేరు. పీహెచ్ ఈ క్షణంలో నీళ్లు ఎంత క్షారంగా ఉన్నాయో చెబుతుంది. ఆల్కలినిటీ ఆమ్లాన్ని తట్టుకునే నిల్వ ఎంతుందో చెబుతుంది, అందులో ఎక్కువ భాగం బైకార్బనేట్. పగడాలు, నత్తలు, రాయి మీది గులాబీరంగు కోరలైన్ పాచి ఈ నిల్వనూ కాల్షియాన్నీ కలిపి సున్నం కట్టుకుంటాయి. ఆల్కలినిటీ 8, 9 డీకేహెచ్ (ఆల్కలినిటీని కొలిచే ప్రమాణం), కాల్షియం 400 నుంచి 450 పీపీఎం, మెగ్నీషియం 1,250 నుంచి 1,350 దగ్గర ఉంటే చాలు.

కాల్షియం 420 దగ్గర కదలకుండా ఉంది, ఆల్కలినిటీ మాత్రం వారంలో 9 నుంచి 7కు పడిపోయింది, ఎక్కడో లోపముంది అని చాలామంది అంటారు. లోపమేమీ లేదు. సున్నం కట్టేటప్పుడు 1 డీకేహెచ్ ఆల్కలినిటీ ఖర్చయితే దాంతోపాటు పోయే కాల్షియం 7 పీపీఎం మాత్రమే. రెండు డీకేహెచ్ అంటే నిల్వలో దాదాపు నాలుగో వంతు. దానికి జతగా పోయిన 14 పీపీఎం కాల్షియం 420లో కంటికి కనిపించదు, కిట్ పొరపాటులోనే కలిసిపోతుంది. అందుకే తరచుగా చూడాల్సింది ఆల్కలినిటీనే. కాల్షియం నెలకోసారి చూసినా చాలు.

పెంచడానికి ఖరీదైన సీసాలు అక్కర్లేదు. 200 లీటర్లలో 1 డీకేహెచ్ పెంచడానికి 6 గ్రాముల వంటసోడా సరిపోతుంది. బేకింగ్ పౌడరు కాదు, వట్టి సోడా. నీళ్లలో కరిగించి, ప్రవాహం బాగా ఉన్న చోట మెల్లగా పోయాలి. రోజులో 1 డీకేహెచ్ మించి మార్చకూడదు. అంకె ఎంతన్నదానికంటే అది ఊగకుండా ఉండటం ముఖ్యం.

మన వేడి మనకు ఉపకారం చేసే చోటు ఒకటుంది, అది సున్నపుతేట. కాల్షియం హైడ్రాక్సైడ్ లీటరు నీళ్లలో సుమారు గ్రామున్నర కరుగుతుంది. ఆ తేట కాల్షియాన్నీ ఆల్కలినిటీనీ పగడాలు వాడుకునే నిష్పత్తిలోనే ఇస్తుంది. ఎంత ఇవ్వగలమన్నది ఎంత నీరు ఆవిరవుతుందన్నదాని మీదే ఆధారపడి ఉంటుంది, ఎందుకంటే దాన్ని పోసేది టాప్ ఆఫ్ నీళ్ల బదులుగా. చల్లటి ఊళ్లో రోజుకు లీటరో రెండు లీటర్లో పోయగలిగితే, ఇక్కడ వేసవిలో ఐదు లీటర్లు పోయొచ్చు. 200 లీటర్ల తొట్టికి ఐదు లీటర్ల చిక్కటి తేట దాదాపు 2.8 డీకేహెచ్ ఇస్తుంది. మెత్తటి పగడాల ట్యాంకుకు అందులో పదో వంతు కూడా అక్కర్లేదు. అందుకని మామూలు నీళ్లలో కొంచెం తేట కలిపి, రాత్రిపూట చుక్కచుక్కగా పడేలా పెట్టుకుంటే చాలు. దాని పీహెచ్ 12 పైన ఉంటుంది, ఒక్కసారిగా పోస్తే తొట్టి తెల్లగా మారిపోతుంది. తమలపాకుల్లోకి వాడే సున్నం వద్దు, అందులో ఇంకేం కలిసిందో తెలియదు. పరిశుద్ధమైన ఫుడ్ గ్రేడ్ రకం దొరుకుతుంది.

నిజానికి పది మష్రూమ్‌లు, రెండు లెదర్ కోరల్స్ ఉన్న ట్యాంకులో వారానికి పదో వంతు నీళ్లు మారిస్తే ఇవేవీ లేకున్నా నడుస్తుంది. డోసింగ్ పంపులు అమ్మేవాళ్లు ఆ మాట చెప్పరు.

ముక్కలు చేయడం

పగడపు కాలనీ అంటే ఒకే జన్యువులున్న పాలిప్‌ల గుంపు. ఒక పాలిప్ నుంచి ఇంకోటి మొగ్గ తొడుగుతుంది. తుఫానుకు విరిగిన ముక్క ఇంకోచోట పడి పెరగడం సముద్రంలో మామూలు సంగతే. ఇంట్లో కత్తెరతో చేసేదీ అదే. పాత ట్యాంకు రాళ్లతో వచ్చే ఐప్టేసియా అనే చీడ ఎనిమోన్ (పగడానికి బంధువైన మెత్తటి జీవి) కూడా ఈ విద్యలోనే బతుకుతుంది. బ్రష్షుతో గీకితే రాయి మీద మిగిలిన ప్రతి తునకా కొత్త ఎనిమోన్ అవుతుంది. దాన్ని గీకకూడదు, నోట్లోకి చిక్కటి సున్నపు ముద్ద సిరంజితో ఎక్కించాలి, లేదా పెప్పర్‌మింట్ రొయ్యలను వదలాలి.

ట్యాంకు కుదురుకుని, కాలనీ నెల రోజులుగా రోజూ పూర్తిగా విచ్చుకుంటుంటేనే కత్తి పట్టుకోవాలి. మష్రూమ్‌తో మొదలుపెట్టండి. రాయిని బయటికి తీసి, కొత్త సర్జికల్ బ్లేడుతో నోటి మీదుగా రెండుగా కోయాలి, ప్రతి ముక్కకూ నోటి భాగం కొంచెం దక్కేలా. కోయగానే అది జీడిలా బంక వదులుతుంది. ఆ జిగురు మీద ఏ గమ్మూ నిలవదు, ప్రయత్నించి విసిగిపోవద్దు. పెరుగు కప్పులాంటి ప్లాస్టిక్ డబ్బాలో నాలుగు చిన్న రాతి ముక్కలు వేసి, వాటి మీద ముక్కను వదిలి, పైన దోమతెర గుడ్డ రబ్బరు బ్యాండుతో కట్టి, ప్రవాహం తక్కువున్న మూలన ఉంచాలి. మొదటి రెండు రోజులు ముడుచుకుని చచ్చినట్టే ఉంటుంది. వారం పది రోజుల్లో దానంతటదే ఏదో ఒక రాయిని పట్టుకుంటుంది. అప్పుడు ఆ రాయిని ప్లగ్గుకు, అంటే పగడపు ముక్కలు నిలబెట్టే చిన్న బిళ్లకు, అతికించుకోవచ్చు.

లెదర్ కోరల్‌కు అంచు నుంచి వేలెడు ముక్క కోసి, దాని మందం గుండా టూత్‌పిక్ గుచ్చి, ఆ పుల్లను రాయికి రబ్బరు బ్యాండుతో కట్టాలి. వారం తర్వాత పుల్ల తీసేయొచ్చు. ఇది కోసినప్పుడు నీళ్లలోకి టెర్పీన్లు అనే రసాయనాలు వదులుతుంది, పక్కనున్న పగడాలకు అవి పడవు. కోసిన రోజు కొత్త యాక్టివేటెడ్ కార్బన్ పెట్టి, కొంత నీళ్లు మార్చండి. స్కిమ్మరు ఆ రాత్రి నురగతో పొంగుతుంది, కప్పు తీసి ఉంచడం మంచిది.

జోయాంథిడ్లు అందంగానూ ఉంటాయి, తొందరగానూ పెరుగుతాయి, జెల్ సూపర్ గ్లూతో ఇట్టే అతుక్కుంటాయి. కానీ వీటిలో కొన్నింటిలో పాలీటాక్సిన్ ఉంటుంది. ప్రకృతిలో దొరికే అత్యంత తీవ్రమైన విషాల్లో అదొకటి, విరుగుడు మందు లేదు. చేతి మీది గాటు నుంచి, కంట్లోకి చిందిన చుక్క నుంచి లోపలికి పోగలదు. వేడినీళ్లు పోస్తే ఆవిరితో పాటు గాల్లోకి లేస్తుంది. రాయి మీది జోయాంథిడ్లను వదిలించుకుందామని మరిగించి ఇంటిల్లిపాదీ ఆస్పత్రి పాలైన ఉదంతాలు విదేశీ వైద్య పత్రికల్లో ఉన్నాయి. చేతి తొడుగులు, కళ్లద్దాలు లేకుండా వీటిని కోయకండి. పాలిప్‌ను కాకుండా దాని కింది చాపలాంటి పొరను కోయండి. వంటింటి కత్తులు, గిన్నెలు ఈ పనికి వద్దు, పిల్లలు దగ్గర ఉండకూడదు. కోసిన నీళ్లలో బ్లీచింగ్ కలిపి పారబోయాలి, అదీ ఇంటి కాలువలోకే. చెరువులోకీ బావిలోకీ ట్యాంకు నీళ్లు, జీవులు ఏవీ వదలకూడదు.

ముక్కలను ముందు అడుగున, తక్కువ వెలుతురులో పెట్టి, రెండు వారాల తర్వాత కొంచెం కొంచెంగా పైకి తేవాలి. వీటికి 50 నుంచి 150 పార్ (కిరణజన్య సంయోగక్రియకు పనికొచ్చే వెలుతురు కొలత) వెలుతురు చాలు. పాత ఎల్‌ఈడీ కదా, మసకబారి ఉంటుందని మొదటి రోజే నూటికి నూరు శాతం పెట్టేవాళ్లే ఎక్కువగా పగడాలను కాల్చేసుకుంటారు.

పెంచిన ముక్కలను చేతులు మార్చుకోవడం ఈ వ్యాపకంలో మంచి అలవాటు. క్లౌన్ చేపలను ఇలాగే ఇళ్లలో పెంచి పంచుకుంటున్నారు. వాటిని హేచరీల్లో పుట్టించే పద్ధతిని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ (సీఎంఎఫ్‌ఆర్‌ఐ) శాస్త్రవేత్తలు తమిళనాడులోని మండపం, కేరళలోని విళింజంలో ఎప్పుడో స్థిరపరిచారు కాబట్టి సముద్రంలో పట్టిన చేపే కావాలనే అవసరం తగ్గింది. చెన్నైలోని కొళత్తూరు చేపల ట్యాంకుల బజారుకు పోయినా అడగాల్సిన మొదటి ప్రశ్న అదే, హేచరీదా, సముద్రానిదా అని.

చిత్తూరులో ఉన్న మిత్రుడికి ముక్క పంపాలంటే రెండు పొరల ప్లాస్టిక్ సంచిలో ముక్క మునిగేంత నీళ్లు, పైన ఎక్కువ గాలి ఉంచి కట్టి, థర్మోకోల్ పెట్టెలో పెట్టి పొద్దున మొదటి బస్సుకే ఇచ్చేయాలి. డెబ్బై కిలోమీటర్ల ప్రయాణానికి అది సరిపోతుంది. బస్సు డిక్కీలో కాదు, సీటు కింద. అందుకున్న మనిషి ముందు సంచి నీళ్ల ఉప్పదనం, తన తొట్టి ఉప్పదనం చూసుకుని, అరగంటలో మెల్లగా కలుపుకుని, చీడలను వదిలించే కోరల్ డిప్ మందునీళ్లలో ముంచి తీయాలి. ఆ తర్వాత ముక్కను ప్లగ్గు నుంచి ఊడదీసి కొత్త ప్లగ్గుకు అతికించుకోవాలి. పాత ప్లగ్గును, పంపిన సంచి నీళ్లను తొట్టిలోకి రానివ్వకూడదు. ఐప్టేసియా దాక్కునేది ప్లగ్గు అడుగునే.